పాతది ఇవ్వండి, కొత్తది అందుకోండి

"ఈ ఏడాది తుపాను వచ్చి వెళ్ళిన సంగతి కూడా మన దీవి ప్రజలకు తెలియకూడదు. మన సన్నద్ధత ఆ స్థాయిలో ఉండాలి" అని విపత్తుల మంత్రిగారు రేవు పక్క మైదానంలో ప్రకటించారు. మీరు పేపర్లో చదివే ఉంటారు. కాకపోతే పేపర్లో ఆయన ఫొటో పెద్దదైపోయి మాట సగంలో తెగిపోయింది. పూర్తి మాట నాకు తెలుసు, ఎందుకంటే ఆయన ముందున్న మైకు నాది.

మా దీవిలో మైకు సెట్టు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. పెళ్ళికైనా, సంతాప సభకైనా, ప్రభుత్వానికైనా నేనే వెళ్ళాలి. అందువల్ల గొప్పవాళ్ళ మాటలు అందరికంటే దగ్గరగా వినే అదృష్టం నాకు దక్కింది. చాలామంది గొప్పవాళ్ళు మైకు పనిచేస్తోందా అని ముందు అడుగుతారు. మన మంత్రిగారు అడగరు. మైకు పనిచేయకపోయినా ఆయన పనిచేస్తారు.

తుపాను కాలం మాకు కొత్తేమీ కాదు. ఏటా ఆకాశం మొహం మాడ్చుకునేసరికి ఎవరింటి కప్పు మీద వాళ్ళు టార్పాలిన్ పరిచి, తాళ్ళతో బిగించి, తాగే నీళ్ళు పట్టుకుని, టార్చిలైట్లు సర్దుకుని కూర్చుంటారు. ఒకరిది నీలం టార్పాలిన్, ఒకరిది పసుపు, ఇంకొకరిది ఏ రంగో వాళ్ళకే గుర్తులేదు. మంత్రిగారు లాంచిలోంచే ఈ దృశ్యం చూసి చాలా నొచ్చుకున్నారు. "ఎవరి మటుకు వాళ్ళు సిద్ధపడిపోతే ఇక ప్రభుత్వం ఎందుకు?" అని సభలో అడిగారు. అంత లోతైన ప్రశ్న నా మైకులో అంతకుముందు ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్నలోంచే సమగ్ర తుపాను సన్నద్ధత పథకం పుట్టింది. పథకం చాలా తేలిక. ప్రతి ఇల్లూ తన పాత టార్పాలిన్ని ప్రభుత్వానికి అప్పగించాలి. బదులుగా మంత్రిగారి బొమ్మ ఉన్న టోకెను ఇస్తారు. మంత్రిగారు స్వయంగా వచ్చి, టోకెను చూసి, కొత్త టార్పాలిన్ చేతిలో పెడతారు. ఇకమీదట అన్ని కప్పులూ ఒకటే రంగు. విమానంలోంచి చూస్తే దీవి మొత్తం ఒక్క మాట మీద ఉన్నట్టు కనబడాలని మంత్రిగారి విజన్.

అమలు బాధ్యత స్పెషల్ ఆఫీసరు గారికి అప్పగించారు. అంతకుముందు ఆయన ఎక్కడో కరువు పనులు చూసేవారు. కరువుని ఎంత జాగ్రత్తగా చూసుకున్నారంటే, అది ఇప్పటికీ అక్కడే ఉందని చెబుతారు.

మైదానాన్ని ఆనుకున్న మొదటి ఇల్లు మా అక్కది. అక్క టైలరు. బావ లాంచి సరంగు కాబట్టి సగం బతుకు నీళ్ళ మీదే. నేను ఉండేదీ ఆ ఇంట్లోనే, ముందుగదిలో, నా యాంప్లిఫయర్ల పక్కన. ఆ రోజుల్లో దీవిలోని బడి పిల్లలందరి యూనిఫాం బట్టా మా ఇంట్లోనే మూటలు మూటలుగా ఉంది. బడి తెరిచేలోపు అక్క కుట్టి ఇవ్వాలి. తెల్ల బట్ట. ఒక్క మరక పడినా బడివాళ్ళు పుచ్చుకోరు, మళ్ళీ ఏడాది ఆ పని ఇవ్వరు. మా ఇంట్లో తడవకూడనివి రెండే: ఆ మూటలు, కుట్టుమిషను. మేమందరం తడిసినా ఫరవాలేదని అక్క అభిప్రాయం.

పథకం గురించి ఊరంతా తిరిగి మైకులో చెప్పింది నేనే కాబట్టి, ఆదర్శంగా ఉంటుందని మొదటి టార్పాలిన్ మా ఇంటి కప్పు మీంచే దింపాలని నిర్ణయించారు. ఆఫీసరు గారు నల్లకళ్ళద్దాలు తీయకుండానే పైకి చూసి, ఇన్ని కుట్లు ఎందుకున్నాయని అడిగారు.

"నేనే వేశానండీ. ఎక్కడ పల్చబడితే అక్కడ" అంది అక్క.

"అంటే లోపం ఉన్నట్టే కదా."

"ఒక్క చుక్క కారదండీ."

"ఇన్నాళ్ళూ కారలేదు. రేపు కారితే బాధ్యత ఎవరిదమ్మా?"

"నాదేనండీ. నా ఇల్లే కదా."

ప్రజల్లో ఇంకా చైతన్యం రావలసి ఉందని ఆఫీసరు గారు నాతో అన్నారు. తీసుకున్నదానికీ ఇచ్చేదానికీ మధ్యలో వాన పడితే ఏం చేయాలని అక్క అడిగింది. దానికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వాన పడేలోపే పంపిణీ జరగాలని ఆర్డరు ఉంది కాబట్టి, పంపిణీ జరిగేలోపు వాన పడదు. నేను చాలామంది ఆఫీసర్లని చూశాను గానీ, వాతావరణాన్ని ఇంత క్రమశిక్షణలో పెట్టినవారిని చూడలేదు.

టార్పాలిన్ని కప్పు మీంచి దింపింది జిందాబాద్. ఈయన అధికార పార్టీ కార్యకర్త. అసలు పేరు అడిగితే ఆయనే కాస్త ఆలోచించుకుంటాడు. దింపిన టార్పాలిన్ని భుజాన వేసుకుని, మా అక్క త్యాగం వృథా కాదని మాటిచ్చి వెళ్ళాడు. అక్క టోకెనుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఊరంతా తిరిగి ఇదేనా చెప్పింది నువ్వు?" అని నన్నడిగింది.

ఇదేనన్నాను.

"గొంతు మాత్రం బాగుంది నీది" అని లోపలికి వెళ్ళిపోయింది.

మాటంటే మాటే, సరుకు వచ్చింది. బావ లాంచి ఎన్నో తిప్పలు పడి మోసుకొచ్చింది. కొత్త టార్పాలిన్లు, తాళ్ళ చుట్టలు, టార్చిలైట్లు, నీళ్ళ సీసాలు, బిస్కెట్ ప్యాకెట్లు, లైఫ్ జాకెట్లు, చివరికి ఒక జనరేటరు కూడా. అన్నిటినీ పాత ఐసు ఫ్యాక్టరీ గోడౌనులో పెట్టి, తలుపుకి తాళం వేసి, తాళానికి అడ్డంగా రిబ్బను కట్టారు. తాళం తీయడానికి తాళంచెవి చాలు. రిబ్బను తీయడానికి మంత్రిగారు కావాలి.

మంత్రిగారికి తీరిక చిక్కలేదు. మొదట అనుకున్న రోజున అత్యవసర పరిస్థితుల మీద సెమినారు పడింది. తర్వాత అనుకున్న రోజున వియ్యంకుడి షోరూము ప్రారంభం. ఈలోగా సరుకు పాడవకుండా ఉందో లేదో చూడ్డానికి అవతలి ఒడ్డు నుంచి తనిఖీ బృందాలు రావడం మొదలైంది. రిబ్బనుకి భంగం కలగకూడదని వాళ్ళంతా వెనక తలుపులోంచి వెళ్ళేవారు. బిస్కెట్ల నాణ్యత పరీక్షించేవారు. ఒక ప్యాకెట్ బాగున్నంత మాత్రాన అన్నీ బాగున్నట్టు కాదని ఆఫీసరు గారి సిద్ధాంతం. బిస్కెట్లు తిన్నాక నీళ్ళ నాణ్యత పరీక్షించక తప్పేది కాదు. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరికి ఒక టార్చిలైటు జ్ఞాపికగా ఇచ్చేవారు. కొన్నాళ్ళకి జిందాబాద్ టీ కొట్టు దగ్గర కనబడి, స్టాకు చాలావరకు వెరిఫై అయిపోయిందనీ, ఇంక టార్పాలిన్లూ తాళ్ళే మిగిలాయనీ సంతోషంగా చెప్పాడు.

ఒక సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. అక్క మూటల మీద గిన్నె పెట్టి, టోకెను పట్టుకుని ఆఫీసుకి పరుగెత్తింది. వెనకే నేనూ వెళ్ళాను. ఆఫీసరు గారు ఆమెని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చినుకులు వాన కిందికి రావని ఓపికగా వివరించారు. గోడౌనులో ఉన్నది తన టార్పాలినే కదా, తనకి ఇచ్చేయడానికేమిటి అని అక్క అడిగింది. ఆయన ఆమె వైపు జాలిగా చూశారు.

"నేనిస్తే అది టార్పాలిన్ అవుతుందమ్మా. మంత్రిగారిస్తేనే పథకం అవుతుంది" అన్నారు.

అక్క టోకెను కొంగున ముడేసుకుని మళ్ళీ ఇంటికి పరుగెత్తింది. నిజం చెప్పాలంటే నాకప్పుడు ఆఫీసరు గారి మాటలోని లోతు కంటే మా మూటల మీద పెట్టిన గిన్నె లోతే ఎక్కువగా గుర్తొచ్చింది. చిన్న గిన్నె అది.

తర్వాత నిజం తుపాను హెచ్చరిక వచ్చింది. రేవులో జెండా ఎగరేశారు. ఇంక మంత్రిగారు రారనీ, ఆఫీసరే తలుపు తీసి పంచేస్తారనీ ఊరంతా లెక్కేసుకుంది. మంత్రిగారు మనలాంటివాళ్ళు కారని మేం మర్చిపోయాం. తుపాను ముంగిట పంచితే ఫొటోలో వెనకాల మబ్బులు పడతాయట. హెచ్చరిక వచ్చిందని తెలియగానే, మిగతా పనులన్నీ రద్దు చేసుకుని, మర్నాడు మధ్యాహ్నమే బయల్దేరుతున్నానని కబురు పంపారు.

మబ్బులు పడతాయంటే వానా పడొచ్చు. మంత్రిగారు తడవకూడదు. కాబట్టి వేదికకి నీళ్ళు దిగని పందిరి కావాలి. దీవిలో నీళ్ళు దిగని సరుకు ఎక్కడుందో ఆఫీసరు గారికి బాగా తెలుసు. వెనక తలుపులోంచి కొత్త టార్పాలిన్లన్నీ బయటికి వచ్చి, తిన్నగా మా ఇంటికే వచ్చాయి. వాటినన్నిటినీ కలిపి ఒకే పందిరిగా కుట్టాలి. దీవిలో అంత మందం గుడ్డ కుట్టగల మిషను మా అక్కదొక్కటే.

అక్క ఆ గుట్ట వైపు చూసింది. తన కప్పు వైపు చూసింది.

"నా టోకెనుకి వచ్చేది ఒకటి తీసి పక్కన పెట్టండి. మిగతావన్నీ కుట్టి ఇస్తాను" అంది.

"ఒకటి తీస్తే పందిట్లో చిల్లు పడుతుందమ్మా. సరిగ్గా మంత్రిగారి నెత్తి మీద."

"ఇప్పుడు మా నెత్తి మీదుందండీ ఆ చిల్లు."

"అందుకేగా తొందరగా కుట్టమంటున్నాను" అన్నారు ఆఫీసరు గారు. సభ అయిపోగానే కుట్లు విప్పి ఎవరిది వాళ్ళకి ఇచ్చేస్తామనీ, అక్కకి అందరికంటే ముందు ఇస్తామనీ కూడా చెప్పారు.

అక్క కుట్టింది. సూదులు విరిగాయి, వేళ్ళు బొబ్బలెక్కాయి. కాస్త వదులుగా కుట్టు, రేపు విప్పడానికి తేలిగ్గా ఉంటుందని నేను సలహా ఇచ్చాను. ఆమె నా వైపు చూసిన చూపుతో నా సలహా నాకే తిరిగొచ్చేసింది. వదులుగా కుట్టడం మా అక్కకి చేతకాదు. లావు దారం తీసుకుని, ప్రతి అతుకూ రెండుసార్లు కుట్టింది. తెల్లారేసరికి మా ఇంటి ముందు ఒకే ఒక్క మహా టార్పాలిన్ ఉంది. అందులో ఎక్కడో మాదీ ఉంది.

మైదానంలో ఏర్పాట్లు చూసి తీరాలి. పందిరి వేదికకీ ముందు వరస కుర్చీలకీ సరిగ్గా సరిపోయింది. గోడౌనులోని తాళ్ళు కట్టి జనాన్ని అవతల నిలబెట్టారు. జనరేటరు నా మైకుకిచ్చారు. రేవు నుంచి వేదిక దాకా బురద కాబట్టి, మంత్రిగారి బూట్లకి అంటకుండా, ఇళ్ళ మీంచి దింపిన పాత టార్పాలిన్లు దారంతా పరిచారు. అక్క తన కుట్లు గుర్తుపట్టింది. కరెక్టుగా మెలిక తిరిగే చోట పరిచారు దాన్ని.

మంత్రిగారిని బావ లాంచే తీసుకొచ్చింది. బావ తక్కువ మాట్లాడతాడు. దిగుతూనే జిందాబాద్‌ని పక్కకి పిలిచి, సముద్రం రంగు మారిందనీ, టీ చల్లారేలోపు సభ ముగించకపోతే లాంచి కదలదనీ చెప్పాడు. జిందాబాద్ వెళ్ళి మంత్రిగారి చెవిలో వేశాడు. మంత్రిగారు చాలా సంతోషించి, మన పథకాన్ని చూడ్డానికి సముద్రం కూడా నాలుగడుగులు ముందుకొస్తోందని మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. అలవాటుగా నేనూ కొట్టాను.

వేదిక మీద అందరూ లైఫ్ జాకెట్లు వేసుకున్నారు. ముందు వరసలో వాళ్ళూ వేసుకున్నారు. జనానికి సరిపోలేదు. పంపిణీకి ముందు మంత్రిగారు సన్నద్ధత అనే మాటకి అర్థం చెప్పడం మొదలుపెట్టారు. తాళ్ళ అవతల మా వాళ్ళు టోకెన్లు పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు. గాలి పెరిగింది. వాన మొదలైంది. జనం తడుస్తున్నారు, మంత్రిగారి మీద ఒక్క చుక్క పడలేదు. అక్క పనితనం అది, ఊరికే చెప్పడం కాదు.

"మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఈ దీవిలో ఒక్క కప్పు కూడా ఇకమీదట ఎగిరి..." అంటుండగా పందిరి లేచింది.

ముక్కలై లేవలేదు. గుంజలు ఒక్కొక్కటీ ఊడిపోయాయి గానీ కుట్టు ఒక్కటీ తెగలేదు. దీవిలోని ఇళ్ళన్నిటి టార్పాలిన్లూ ఒకటిగా, ఒకే రంగులో, ఒక్క మాట మీద మా అందరి తలల మీంచి దాటి సముద్రం వైపు వెళ్ళిపోయాయి. మంత్రిగారి విజన్ అక్షరాలా నిజమైంది. ఆయన దాన్ని పైనుంచి చూద్దామనుకున్నారు, కిందనుంచి చూడాల్సి వచ్చింది.

అక్క నా పక్కనే ఉంది. కుట్లు నిలబడ్డాయని ఒక్క క్షణం ఆమె మొహంలో గర్వం కనబడింది. వెంటనే ఏడుపొచ్చింది. "మూటలురా" అని ఇంటివైపు పరుగెత్తింది. మైకు వైర్లు ఉన్నవి ఉన్నట్టు లాగేసి, యాంప్లిఫయరు గుండెలకి హత్తుకుని వెనకే పరుగెత్తాను.

లాంచి కదలదని బావ చేతులెత్తేశాడు. మైదానానికి దగ్గరున్న ఇల్లు మాదే. అందుకని మంత్రిగారూ, ఆఫీసరు గారూ, జిందాబాదూ లైఫ్ జాకెట్లతో సహా మా ఇంట్లోకి వచ్చేశారు. తలుపు దగ్గర ఎవరూ ఎవరినీ అడగలేదు.

లోపల కప్పు చాలా చోట్ల కారుతోంది. అక్క అప్పటికే రంగంలోకి దిగింది. మూటలన్నీ మంచం మీదికి చేర్చి, వాటి మీద సరిగ్గా చుక్క పడే చోట పెద్ద బకెట్టు పెట్టింది. మిషను బల్ల మీద బేసిను. నేల మీద బిందె, గిన్నెలు, పాత డబ్బా, ఇంకో బకెట్టు. ఒకటి నిండగానే ఇంకొకటి పెట్టి, నిండినది ఒంపి వస్తోంది. చేయి ఆగడం లేదు. అంత వానలోనూ ఒక్క మూటకీ తడి తగల్లేదు. మంత్రిగారిని మా ఇంట్లో కారని చోటు ఒకటుంటే అక్కడ నిలబెట్టారు. ఆయన కాసేపు చూసి ముగ్ధులైపోయారు.

"ఈ ఏర్పాటు ఎవరు చేశారు?"

"నేనేనండీ" అంది అక్క, బిందె ఎత్తుతూ.

"ట్రైనింగ్ ఎక్కడ తీసుకున్నావమ్మా?"

"కప్పు కారితే అదే వస్తుందండీ."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. ప్రజల్లో సహజంగానే ఇంత సన్నద్ధత ఉండగా దాన్ని ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదని బాధపడ్డారు. ఆఫీసరు గారు తలవంచుకున్నారు. తర్వాత మంత్రిగారు ఒక్కొక్క పాత్రనీ పరిశీలనగా చూశారు. మొహంలో కాస్త అసంతృప్తి కనబడింది. ఒకటి ఎరుపు, ఒకటి నీలం, ఒకటి సత్తు, ఒకటి రేకు డబ్బా. ఏ రెండూ ఒకలా లేవు.

"యూనిఫార్మిటీ లేదు సార్" అని ఆఫీసరు గారే ముందుగా ఒప్పుకున్నారు.

"పాతవి తీసేసుకోండి. అందరికీ ఒకే సైజు, ఒకే రంగు కొత్తవి ఇద్దాం. ఆలస్యం వద్దు. ఆదర్శంగా ఈ ఇంటినుంచే మొదలుపెట్టండి."

జిందాబాద్ చలికి వణుకుతూనే జిందాబాద్ అన్నాడు. మైకు ఉందా అని మంత్రిగారు నన్నడిగారు. మైకులోకి నీళ్ళు పోయాయని చెప్పాను. అయినా ఆయన ఆ మాటలే మళ్ళీ ఒకసారి గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పారు.

ఆఫీసరు గారికి ఆర్డరు అందాక ఆగడం తెలియదు. మంచం దగ్గరికి వెళ్ళి, మూటల మీదున్న పెద్ద బకెట్టు రెండు చేతులా ఎత్తి, గుమ్మంలో ఒంపి, చంకలో పెట్టుకున్నారు. జిందాబాద్ మిషను మీంచి బేసిను తీశాడు. అక్క పరుగున వెళ్ళి చుక్క పడుతున్న చోట, మూటల మీద దోసిలి పట్టింది. నిండుతోంది, ఒంపుతోంది, మళ్ళీ పడుతోంది. నేను కంచం ఒకటి తెచ్చాను గానీ, ఆఫీసరు గారు చూసిన చూపుకి దాన్ని వెనక దాచుకున్నాను.

మంత్రిగారు అక్క దగ్గరగా వచ్చారు. సొంత చెల్లెల్ని అడిగినంత ఆప్యాయంగా అడిగారు.

"ఇంకా ఏమేం ఉన్నాయమ్మా మీ ఇంట్లో?"

అక్క మూటల మీంచి చేతులు తీసేసింది. గోడవైపు వెళ్ళి, కుట్టుమిషను మీద పైనించి కిందిదాకా దుప్పటి కప్పి, స్టూలు మీద కూర్చున్నట్టు దాని మీద ఎక్కి కూర్చుంది.

"ఏమీ లేవండీ" అంది.